దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి: ఇది సలహానా, దెప్పుడా?

ప్రశ్న: మొన్న టీవీ చర్చలో ఒకాయన ఎవరో నాయకుణ్ణి పట్టుకుని "దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకుంటున్నాడు" అని దెప్పాడు. మా ఇంట్లోనేమో ఇదే మాట పిల్లలకు పని పురమాయించేటప్పుడు అంటాం. ఒకే సామెత అక్కడ తిట్టు, ఇక్కడ బుద్ధి చెప్పడం ఎలా అయిందండీ?

జవాబు: రెండు వాడుకలూ ఉన్నాయి కానీ మీ ఇంట్లో వాడేదే అసలుదని నా అభిప్రాయం. చాలామంది దీనికి "త్వరగా చేసుకో" అని అర్థం చెప్పి వదిలేస్తారు, నాకది చాలదనిపిస్తుంది. ఆముదం దీపం రోజుల్లోకి వెళ్ళి చూడండి. వత్తి వెలుగుతున్నంతసేపూ చమురు ఖర్చవుతూనే ఉంటుంది, అంటే అక్కడ టైమూ డబ్బూ వేరు వేరు కావు, రెండూ ఒకే ప్రమిదలో కాలుతున్నాయి. అలాంటప్పుడు బియ్యంలో రాళ్ళేరడం, చిరుగు కుట్టడం, పద్దు రాసుకోవడం లాంటి వెలుతురు కావలసిన పనులన్నీ ముందు కానిచ్చి, పక్కలు వేయడం, రేపటికి మినప్పప్పు నానబోయడం, పిల్లలకు కథ చెప్పడం లాంటివి దీపం ఆర్పాక కూడా చేసుకోవచ్చు. కాబట్టి ఇందులో ఉన్నది తొందర కాదు, వరస. ఏ పనికి దీపం కావాలి, ఏ పనికి అక్కర్లేదు అని తేల్చుకోవడం.

ఇక దెప్పుడుగా ఎలా మారిందంటే, ఆ చివరి "కొను" వల్ల. "ఇల్లు చక్కబెట్టు" అంటే ఎవరి ఇల్లైనా కావచ్చు, "చక్కబెట్టుకో" అంటే నీ కోసం నువ్వు చేసుకో అని, వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు. పదవి దీపమైంది, ఇల్లు కాస్తా సొంత ఆస్తి అయింది. సామెతలో ఒక్క అక్షరం మారలేదు!

మరో జవాబు: దీనికి తోబుట్టువు లాంటిది "గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి". అక్కడా "కొను" ఉంది, అయినా దాన్ని ఎవరూ తిట్టుగా వాడగా నేను వినలేదు. గాలి ఉన్నప్పుడు కళ్ళంలో రైతు పడే హడావిడి చూసినవాళ్ళకు అందులో స్వార్థం కనబడదు కాబోలు.

మా అమ్మ మాత్రం దీపం సామెతని ఏడాది సరుకులకు వాడుతుంది. కొత్త చింతపండు సంతకొచ్చేది ఎండాకాలం ముందర, ధర దిగేదీ అప్పుడే. ఏడాదికి సరిపడా ఒకేసారి కొని, ఎండబెట్టి, ఈనెలూ గింజలూ తీసి, ఉప్పు చల్లి, ముద్దలు చేసి జాడీలోకి అదిమిపెడుతుంది. గింజ తీయడం ఒక పూట పని కాదు, నలుగురు కూర్చుంటే గానీ తెమలదు. కానీ ఆ నాలుగు రోజులూ కష్టపడితే వానాకాలంలో కొట్టుకెళ్ళి పావుకిలో చొప్పున ఎక్కువ పెట్టి కొనడం తప్పుతుంది, రోజూ పులుసు పెట్టేముందు గింజలేరే పనీ తప్పుతుంది. మిరపకాయలూ అంతే, కొత్త పంట వచ్చి ఎండ బాగా కాస్తున్నప్పుడే కారం పట్టించెయ్యాలి, ముసురు పట్టాక కాయ మెత్తబడితే మరకూ లొంగదు. ఇక్కడ దీపం అంటే ఎండ అన్నమాట.

ఇంకొకరు: ఆంధ్రాలో ఇప్పుడు దీపం అంటే గ్యాస్ బండే కదా :) దీపం-2 అనే ప్రభుత్వ పథకంలో ఏడాదికి మూడు ఉచితం, నాలుగు నెలలకొకటి. గడువు దాటకుండా బుక్ చేసుకోవాలి. సామెత పథకంలో కూడా సరిగ్గా సరిపోయింది.

వరంగల్ నుంచి: మా దిక్కు "చక్కబెట్టు" కన్నా "సదురు" ఎక్కువ వింటం. "ఇల్లు సదురుకో", "సామాన్లు సదిరిపెట్టు" అంటరు. అది సర్దు అన్న మాటే కదా? మరి సామెతల సర్దుకోవాలె అంటే సరిపోదా?

జవాబు: అదే మాటండీ, కానీ సామెతలో పెడితే నాకైతే రుచించదు. సర్దడం అంటే ఉన్నవాటిని ఉన్నచోట ఒద్దికగా పెట్టడం, పెట్టె సర్దడం, బీరువా సర్దడం. ఇంకోపక్క "సర్దుకుపోవడం" అంటే రాజీపడటం, "వంద సర్దుతావా" అంటే చేబదులు అడగడం. చక్కబెట్టడంలో పని పూర్తి చేయడం కూడా ఉంది. "బ్యాంకు పనీ కరెంటు బిల్లూ చక్కబెట్టుకొచ్చా" అంటాం, అక్కడ "సర్దుకొచ్చా" అనం. అయినా నాది కృష్ణా జిల్లా చెవి, మీ వైపు "పని సదురుకొచ్చిన" అంటారా?

వరంగల్ నుంచి: అనం. "పని చూస్కొని వచ్చిన" అంటం.

అడిగినవారు: ఆ "కొను" సంగతి బాగుంది. రేపటినుంచి పిల్లలకు "ఇల్లు చక్కబెట్టండి" అనే చెబుతా, "కోండి" అంటే ఎవరి గది వాళ్ళే చూసుకుంటున్నారు.