బెట్ కట్టకుండా గుర్రప్పందేలు చూడ్డానికి పోతే మజా ఉంటుందా? (బెంగళూరు)

హిందూపురం_కుర్రోడు:

అందరికీ నమస్తే. బెంగళూరొచ్చి ఆరేళ్ళయింది, నేనెక్కే బస్సు రేస్‌కోర్స్ రోడ్డు మీదుగానే పోతుంది, అయినా ఆ గోడ అవతల ఏముందో ఇంతవరకు చూళ్ళేదు. ఇప్పుడు మా టీమ్‌లో ఒకాయన ఆదివారం చలికాలం డెర్బీ (సీజన్లో పెద్ద రేసంట) ఉంది రా పోదాం అని వారం నుంచి ప్రాణం తీస్తున్నాడు. నాకు బెట్టింగ్ అలవాటు లేదు, చేసుకునే ఉద్దేశమూ లేదు, రేసులకి పోయినానని తెలిస్తే మా అమ్మ ఫోన్ పెట్టేసి నాలుగు రోజులు మాట్లాడదు. 

కాకపోతే నేను ఎద్దుల బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినోణ్ణి. అక్కడ జేబులోంచి రూపాయి తీయకుండానే గొంతు పోయేదాకా అరిచేవాళ్ళం. దాంతో నా డౌట్ ఏంటంటే, డబ్బు పెట్టకుండా ఉత్తినే ఆటలాగా చూస్తే గుర్రప్పందెంలో ఏమైనా ఉందా, లేక అది పెద్ద టెంటేసిన పేకాటేనా? గుర్రాల్ని హింస పెడతారని కూడా చదివాను, అదెంత నిజం? పోయొచ్చినోళ్ళు చెప్పండి.

శివాజీనగర్_పాతకాపు:

తమ్ముడూ, ఇరవై ఏండ్లుగా పోతాండ, కడుపులో ఏం దాచుకోకుండా చెప్తా. పరుగు కోసమే పోతే నీకు ఉసూరుమంటాది. 1200 మీటర్ల రేసు నిమిషం పదమూడు పద్నాలుగు సెకన్లలో అయిపోతాది, గేట్లు తెరుచుకునేది ఎక్కడో అవతలి పక్క, బైనాక్యులర్ లేకుంటే నీకు కనపడేది రంగురంగుల చుక్కలు, మైకులో చెప్పేది విని ఏ చుక్క ఏ గుర్రమో ఊహించుకోవాల్సిందే. నీ కండ్లతో నువ్వు సరిగ్గా చూసేది ఆఖరి రెండు ఫర్లాంగులు, నాలుగొందల మీటర్లు, పాతిక సెకన్లు. మళ్ళీ ఇంకో రేసుకి అరగంట. తొమ్మిది రేసులుంటే మధ్యాన్నమంతా ఎండలో నిలబడి నువ్వు చూసిన పరుగు నాలుగు నిమిషాలు కూడా రాదు, లెక్కేసుకో.

అందుకే కొత్తోళ్ళకి నేను చెప్పేది ఒకటే, ఆ అరగంట పోయి ప్యాడాక్ కాడ నిలబడు. రేసుకి ముందు గుర్రాల్ని సైసులు, అంటే వాటిని చూసుకునే పనోళ్ళు, ఆడ గుండ్రంగా నడిపిస్తారు, నీకూ గుర్రానికీ మధ్య ఒక్క కమ్మీ అంతే. వెంట్రుక మెరుస్తాండాదా, చెవులు ఎటు తిప్పతాంది, వెనక కాళ్ళ సందున చెమట నురగ కట్టిందా (కడితే అప్పుడే సగం శక్తి భయానికే పోయినట్టు), నడకలో వెనక గిట్ట ముందుగిట్ట గుర్తును దాటి పడతాండాదా, ఇవన్నీ చూడు. నాలుగు వారాలు చూస్తే నీకే చూపు కుదురుతాది. ఎద్దుల్ని చూసి పెరిగినోడివి కదా, నీకు రెండు వారాలు చాలు.

ఇంకోటి హ్యాండిక్యాప్. మామూలు రేసుల్లో బాగా గెలిచే గుర్రానికి బరువెక్కువ పెడతారు, అరవై కిలోలు మోసేది ఒకటుంటే యాభై చిల్లర మోసేది ఇంకోటి. జాకీ, అంటే గుర్రం మీద కూచునేటోడు, అంత బరువు లేకుంటే జీను కాడ సీసం పలకలు పెడతారు, రేసు అయినాక జీనుతో సహా మళ్ళీ తూకం వేస్తారు, తేడా వస్తే గెలిచింది కూడా పోతాది. అన్ని గుర్రాలూ ఒకేసారి గీత దాటేటట్టు బరువులు పంచాలనేది ఆ లెక్క వేసేటోని కల, దాన్ని ఏ గుర్రం చెడగొడతాదా అనేది మన ఆట. డెర్బీకి మాత్రం ఇది ఉండదు, అన్నీ ఒకే వయసువి, ఆడగుర్రాలకి కొంచెం బరువు తగ్గిస్తారు అంతే. కాబట్టి డెర్బీనాడు గెలిచింది నిజంగా గెలిచినట్టే.

చెడ్డది కూడా చెప్తా. ఆడ వెయ్యి మంది ఉంటే ప్యాడాక్ కాడ గుర్రాన్ని చూసేటోళ్ళు యాభై మంది కూడా ఉండరు, మిగిలినోళ్ళంతా రేసు పుస్తకంలో తలకాయ పెట్టి, లేకుంటే టీవీ కింద నిలబడి ఏ గుర్రం గెలిస్తే ఎంతొస్తాదనే రేట్లు చూస్తాంటారు. కొందరు గుర్రం ముందర ఉరుకుతాంటే కూడా టీవీలోనే చూస్తారు, దేవుడి సాక్షిగా. నేనూ పదేండ్లు అట్లే చూసినా, ఒక బజాజ్ స్కూటర్ అట్లే పోయింది.

మాంబళం_అక్క:

పైన అన్న బాగా రాశారు గాని స్కూటర్ మాటని ఒక్క లైన్లో దాటేశారు, నేను దాని దగ్గరే ఆగుతాను. మాది మద్రాసులో మూడు తరాల తెలుగు కుటుంబం. మా నాన్న గుర్రాల్ని చూసి ముచ్చటపడే మనిషే, చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని ఏ గుర్రం తండ్రెవరో తాతెవరో చెప్పేవారు, మా సొంత తాతల పేర్లు నాకు అంతగా తెలీవు, ఆ గుర్రాలవి తెలుసు. మొదట నెలకోసారి, ఆదివారం మధ్యాహ్నం, ఇంటికొస్తూ సమోసాలు. తర్వాత ఎవరో బయటి బుకీ పరిచయమయ్యాడు, ఇంక గ్రౌండుకి పోయే పనే లేకుండా పోయింది, ఫోన్ చేస్తే చాలు, బెంగళూరు, హైదరాబాదు, పూనా, ఊటీ, ఎక్కడ రేసుంటే అక్కడ. చివరి మూడేళ్ళు ఆయన ఒక్క గుర్రాన్ని కూడా కళ్ళతో చూళ్ళేదు. అమ్మ కాసులపేరు పోయాక ఆగింది.

ఇది ఆటా జూదమా అని కోర్టుల్లోనే ఇరవై ఏళ్ళు నడిచింది. 1974లో తమిళనాడు ప్రభుత్వం గుర్రప్పందేలు రద్దు చేస్తూ చట్టం చేసింది, చివరికి 1996లో సుప్రీంకోర్టు ఇది నైపుణ్యం ఉన్న ఆట, అదృష్టం ఆట కాదు అని తీర్పిచ్చింది. గుర్రం వంశం, జాకీ, ట్రైనర్, బరువు, నేల, ఇవన్నీ చదివి అంచనా వెయ్యొచ్చు కాబట్టి అని. మా నాన్న ఆ పేపర్ ముక్క కత్తిరించి బీరువాలో పెట్టుకున్నారు, అమ్మ ఏమన్నా అంటే తీసి చూపించేవారు! నైపుణ్యం ఉందని సుప్రీంకోర్టు అన్నది ఆటకి, ఈయన తనకే సర్టిఫికెట్ ఇచ్చినట్టు తీసుకున్నారు.

మా గిండీ రేస్‌కోర్సు ఇప్పుడు పాతలా లేదు. 1777 నాటిదని చెప్పుకునేవాళ్ళు, 2024 సెప్టెంబర్‌లో ప్రభుత్వం లీజు రద్దు చేసి సీలు వేసింది, ఆ నూటఅరవై ఎకరాల్లో వరద నీళ్ళు నిలవడానికి చెరువులు తవ్వారు. వాన పడ్డప్పుడల్లా పక్కనున్న వేళచ్చేరి మునుగుతుంటే ఊరి నడిమధ్య అంత నేల కొన్ని రోజుల రేసులకి ఎందుకు అనేది నాకు సబబుగానే అనిపించింది. అయినా మొన్న ట్రైన్లోంచి ఆ వైపు చూస్తే ఏదోలా అయింది, ఎందుకో అడక్కండి.

తమ్ముడూ నువ్వు పో, చూడు. పర్సు మాత్రం ఇంట్లో పెట్టి పో, ఆ రోజుకి ఫోన్లో యూపీఐ కూడా తీసెయ్.

లెక్కల_మాస్టారు_కొడుకు:

అక్కా యూపీఐ తీసెయ్యక్కర్లేదు, జీఎస్టీయే ఆపుతుంది 😄 2017 నుంచి పెట్టిన బెట్ మొత్తం మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40. గెలుపు మీద కాదండోయ్, పెట్టిన ప్రతి రూపాయి మీదా, ఓడినా కట్టాల్సిందే. పైగా టోట్ అంటే ఏంటి, అందరి డబ్బులూ ఒక కుండలో పోసి, క్లబ్బు తన వాటా తీసుకుని మిగిలింది గెలిచినోళ్ళకి పంచడం. అంటే నువ్వు ఆడేది గుర్రంతో కాదు, పక్కన నిలబడ్డ వెయ్యి మందితో, అదీ చిల్లు కుండలో. జనం ఎక్కువ డబ్బు పెట్టే ఫేవరెట్ గుర్రం కూడా సుమారు మూడు రేసులకి ఒకటే గెలుస్తుంది. ట్యాక్స్ పెంచితే జనం మానేస్తారనుకున్నారు, చాలామంది అక్క చెప్పిన ఆ ఫోన్ బుకీల దగ్గరికి పోయుంటారు.

తిరుపతి_వెటర్నరీ:

గుర్రాల సంగతి అడిగారు కాబట్టి. తిరుపతిలో చదివి కొన్నాళ్ళు బెంగళూరులో రేసు గుర్రాల దగ్గర పనిచేశాను, ఎక్కడ అనేది వదిలేయండి.

మొదట ముచ్చటైన సంగతి. దౌడు తీసేటప్పుడు గుర్రం అంగకి ఒక్కసారే ఊపిరి తీస్తుంది, కాళ్ళు చాచినప్పుడు లోపలికి, ముడిచినప్పుడు బయటికి. గంటకి అరవై కిలోమీటర్ల వేగంలో పొట్టలోని పేగులన్నీ ముందుకీ వెనక్కీ ఊగి ఊపిరితిత్తుల్ని నొక్కుతాయి, కొలిమి తిత్తి లాగా. రెయిలింగ్ దగ్గర నిలబడితే ఆ ఊపిరి చప్పుడు గిట్టల తాళానికి సరిగ్గా కలిసి వినిపిస్తుంది, టీవీలో ఇది రాదు.

ఇక రెండోది. ఐదొందల కిలోల జంతువు, దౌడులో ఒక్కో క్షణం ఆ బరువంతా, దానికి మించి కూడా, ఒకే ముందుకాలి మీద పడుతుంది, ఆ కాలు మోకాలి కింద చూస్తే మన మణికట్టుకంటే కొంచెం లావు, కండ ఉండదు, ఎముక, నరం, తోలు అంతే. విరిగితే కట్టు కట్టి పడుకోబెట్టలేం. గుర్రం రోజుల తరబడి పడుకోలేదు, మూడు కాళ్ళ మీద నిలబడితే మంచి కాలి గిట్ట లోపల వాచి ఊడొస్తుంది, దాంతో రెండో కాలూ పోతుంది. అందుకే గ్రౌండులో పచ్చ తెర కడతారు, తెర తీసేసరికి గుర్రం ఉండదు. నేను రెండుసార్లు ఆ తెర లోపలి వైపున్నాను. అప్పుడు బయట తర్వాతి రేసుకి రేట్లు అరుస్తున్నారు.

అందరూ దుర్మార్గులని అననండి, సైసులు పిల్లల్లాగా చూసుకుంటారు, మేత, వైద్యం నాకు దొరికినదానికంటే మేలు. నా గొడవ అది కాదు. రెండేళ్ళకే పరుగు మొదలు, ఆరేడేళ్ళకి రిటైరు, గుర్రం బతికేది పాతికేళ్ళు. కొన్ని సంతానానికి పోతాయి, కొన్ని రైడింగ్ స్కూళ్ళకి, కొన్ని పోలీసులకి. మిగిలినవి చేతులు మారి మారి ఎక్కడ తేలతాయో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పెళ్ళి ఊరేగింపులో డప్పుల మధ్య బెదిరిపోతున్న ఒక బక్క గుర్రాన్ని చూసి, ఆ కాళ్ళ పొడుగు బట్టి ఇది ఒకప్పుడు పరిగెత్తినదే అని గుర్తుపట్టాను.

శివాజీనగర్_పాతకాపు:

డాక్టరు సారు చెప్పింది నిజమే, పచ్చ తెర నేనూ చూసినా, ఆ పొద్దు రేసు మధ్యలోనే ఇంటికొచ్చేసినా. మళ్ళా వారం పోయినా, అదే మనిషి బుద్ధి. ఇక్కడ కూడా ఎన్నాళ్ళుంటాదో తెలీదు, వెస్ట్ ఎండ్ హోటల్ ఎదురుగా అంత విలువైన సర్కారు జాగా, లీజు 2009లోనే అయిపోయింది, అప్పట్నించీ కోర్టులే, ఊరి బయటికి మార్చేస్తామని మాటలు. పోయేదుంటే ఇప్పుడే పో తమ్ముడూ.

హిందూపురం_కుర్రోడు:

పోయొచ్చినానండీ! మెజెస్టిక్‌లో మెట్రో దిగి నడుచుకుంటూ పోయాం. మొదటి రెండు రేసులు నాకేం అర్థం కాలేదు, అన్న చెప్పినట్టే చుక్కలు. మా టీమ్ ఆయన టోట్ క్యూలో మాయమైపోయాడు, నేను ప్యాడాక్ దగ్గర సెటిలయ్యాను.

అక్కడ ఆరో నంబర్ గుర్రం, ముదురు గోధుమ రంగు, వెనక ఎడమ కాలికి మాత్రం తెల్ల సాక్సు వేసినట్టు. దాన్ని నడిపించే సైస్ కుర్రోడికి పద్దెనిమిది పందొమ్మిది ఉంటాయేమో, నాలుగడుగులకోసారి అది వాడి చొక్కా చెయ్యి నోటితో పట్టి లాగుతుంది, వాడు హిందీలో తిడతాడు, అది వదిలేసి చెవులు ముందుకి పెట్టి ఏమీ తెలీనట్టు నడుస్తుంది, మళ్ళీ లాగుతుంది. నేను పావుగంట అదే చూస్తా నిలబడిపోయా. పక్కన మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన "ఎష్టు హాకిదీరి?" అన్నాడు. ఏం పెట్టలేదు సార్ అంటే నన్ను కిందనుంచి పైదాకా చూసి "మత్తె యాకె బందిరి" అన్నాడు, మరెందుకొచ్చావయ్యా అని. చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రేసు మాత్రం రెయిలింగ్ పట్టుకుని చూశా. వెటర్నరీ అన్నా, మీరు చెప్పిన ఊపిరి నిజంగా వినిపించింది, ముందు ఇనుప కమ్మీ చేతిలో వణికింది, తర్వాత చప్పుడు, ఆ తర్వాత గుర్రాలు, మట్టి పెళ్ళలు గాల్లో. ఆరూ ఆరూ అని నేను అరుస్తున్నానని కూడా నాకు తెలీలేదు, రూపాయి పెట్టకుండానే. కాని అదే సమయంలో జాకీల చేతుల్లో కొరడాలు కూడా కనపడ్డాయి, ఎద్దుల పోటీల్లో చర్నాకోల చూస్తూ పెరిగిన నాకు అది కొత్త కాదు, అయినా ప్యాడాక్‌లో చొక్కా లాగిన గుర్రాన్నే కొడుతుంటే మనసు అదోలా అయింది. అది అయ్యాక కాళ్ళ కింద చింపేసిన టికెట్లు, జనం అప్పటికే పుస్తకంలో తర్వాతి పేజీ.

డెర్బీకి జనం బాగానే లేచి నిలబడ్డారు, చప్పట్లు కూడా. అయినా మా బండలాగుడుతో పోలిస్తే ఒకటి తక్కువ అనిపించింది, అక్కడ ఆ జత ఏ ఊరిది, ఎవరిది అని అందరికీ తెలుసు, ఓడినా ఆ ఊరోళ్ళు ఎద్దుల చుట్టూ చేరతారు. ఇక్కడ గుర్రం పేరుతో పిలిచినోడు నాకు ఒక్కడూ కనపళ్ళేదు, అందరికీ నంబరే. ఏడాదికోసారి పోతానేమో, సీజనంతా నా వల్ల కాదు.

మాంబళం_అక్క:

ఇంతకీ ఆ తెల్ల కాలు గుర్రం ఎన్నోది వచ్చింది?

హిందూపురం_కుర్రోడు:

ఎనిమిదింట్లో ఏడోది అక్కా. మా టీమ్ ఆయన దాని మీదే పెట్టాడంట, ఇప్పటికీ తిడుతున్నాడు. సైస్ కుర్రోడు మాత్రం పరిగెత్తుకుంటూ ఎదురుపోయి కళ్ళెం పట్టుకున్నాడు, అది మళ్ళీ వాడి చొక్కా చెయ్యి పట్టుకుంది.