గుండ్రం గీస్తే గుడ్డు వస్తోంది: పాప డ్రాయింగ్ ముందుకెళ్తోందా, వెనక్కా?

రావులపాలెం అమ్మ:
మా అమ్మాయి తొమ్మిదో తరగతి, పరీక్షలు మొన్నే అయిపోయాయి. జూన్‌లో బడి తెరవగానే వాళ్ల డ్రాయింగ్ సారు ఒక స్కెచ్‌బుక్ పెట్టుకుని ప్రతి బొమ్మ కిందా తేదీ వెయ్యమన్నారు, దసరా దాకా రోజూ ఏదో ఒకటి గీసేది. దసరాకి వాళ్ల మామయ్య స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ కొనిచ్చి మా పాత లాప్‌టాప్‌లో క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ వేసి వెళ్లాడు, అప్పట్నించి పుస్తకం ముట్టడం తగ్గిపోయింది. ఇప్పుడు మొహాలు మెరిసిపోతున్నాయి కానీ అన్నీ ఆ జపాన్ కార్టూన్ మొహాలే, అందరూ ఒకే పక్కకి తిరిగి ఉంటారు, చేతులు జేబుల్లోనో వీపు వెనకో. ఫోటో మీద దిద్దుతోందేమో అని వాళ్ల నాన్న అనేసరికి ఏడ్చేసింది. పైగా టాబ్లెట్ మీద గుండ్రం గీస్తే కోడిగుడ్డులా వస్తోందట, "నా చెయ్యి పాడైపోయిందమ్మా" అంటోంది. నాకు బొమ్మల గురించి ఏమీ తెలీదు. ఈ ఏడాదిలో నేర్చుకుందా లేదా అని నాలాంటివాళ్లు ఎలా చూసుకోవాలి? ఐప్యాడ్ కావాలంటోంది, కొంటే బాగుపడుతుందా? వచ్చే ఏడు టెన్త్, అదో టెన్షన్.

గీతల బాబు:
ముందు ఆ కోడిగుడ్డు సంగతి. చెయ్యి పాడవలేదండీ, సెట్టింగ్ అది. టాబ్లెట్ పలక, లాప్‌టాప్ స్క్రీన్ ఒకే నిష్పత్తిలో లేకపోతే గీత ఒక పక్కకి సాగిపోతుంది. టాబ్లెట్‌తో వచ్చిన డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) తెరిచి, పలక కొలతని స్క్రీన్ నిష్పత్తికి సరిచేసే ఆప్షన్ నొక్కండి, పలకలో కొంచెం అంచు వృథా అవుతుంది కానీ గుండ్రం గుండ్రంగానే వస్తుంది. ఇక చెయ్యి బల్ల మీద, చూపు స్క్రీన్ మీద ఉండే అలవాటు ఎవరికైనా కొన్ని వారాలు పడుతుంది, అందాకా గీత వణుకుతుంది, క్రిటాలో వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఉంది కానీ మరీ ఎక్కువ పెట్టొద్దని చెప్పండి, గీత వెనకపడి నత్తలా వస్తుంది.

ఐప్యాడ్ ఇప్పుడొద్దు. అందరూ చెప్పే ప్రోక్రియేట్ ఐప్యాడ్‌లో మాత్రమే పనిచేస్తుంది నిజమే, మంచి యాప్ కూడా, కానీ దానికి ఆపిల్ పెన్సిల్ విడిగా కొనాలి, పైగా ఈ పాప పనికి కావలసిన లేయర్లు (ఒకదాని మీద ఒకటి పెట్టుకునే పొరలు), బ్రష్‌లు అన్నీ క్రిటాలో ఉచితంగానే ఉన్నాయి.

డ్రాయింగ్ మాస్టారు:
హైస్కూల్లో డ్రాయింగ్ చెప్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. అమ్మా, మెరుపుని పట్టించుకోవద్దు, అది సగం యాప్ పని. జూన్ పేజీల్లో చెంబో, బిందో, గ్లాసో ఉందేమో వెతకండి, మొదటి నెలల్లో మేం గీయించేవి అవే. పిల్లలు మూతిని చక్కగా వంపు తిప్పుతారు, అడుగుని మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తారు, చెంబు బల్ల మీద తిన్నగా కూర్చుంటుందని వాళ్లకి తెలుసు కదా, తెలిసిందే గీస్తారు, కనబడింది గీయరు. నిజానికి కంటి మట్టానికి ఎంత కిందకి పోతే వంపు అంత తెరుచుకుంటుంది, అంటే మూతి కన్నా అడుగు వంపే ఎక్కువ గుండ్రంగా కనబడాలి. ఇప్పుడు అదే చెంబుని అదే చోట పెట్టి, రబ్బరు ఇవ్వకుండా మళ్లీ గీయమనండి. రెండు బొమ్మలూ పక్కన పెట్టి చూడండి: అడుగు వంపు తిరిగిందా, నీడ వెలుతురుకి అవతలి వైపే పడిందా, చెంబు కాగితంలో సరిగ్గా ఇమిడిందా లేక ఒక మూలకి పోయిందా. దీనికి బొమ్మలు వచ్చి ఉండక్కర్లేదు.

చేతులు దాచడం ఈ వయసు పిల్లలందరూ చేసేదే. రోజూ తన ఎడమ చెయ్యే చూసి గీయమనండి, ఆ మోడల్ ఎక్కడికీ పారిపోదు. దిద్దడం అంటారా, దిద్దితే గీత నునుపుగా వస్తుంది, కొలత మాత్రం రాదు. తిడితే ఏమీ తేలదు, నిన్నటి బొమ్మని ఇవాళ చూడకుండా గీయమంటే తనకే అర్థమైపోతుంది.

మీకు రాజమండ్రి దగ్గరే కదా, చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్లండి. 1925లో 28 ఏళ్లైనా నిండకుండానే పోయారాయన. రంగుల బొమ్మల దగ్గర అందరూ ఆగుతారు, మీరు పాపని పెన్సిల్ స్కెచ్‌ల దగ్గర కాసేపు నిలబెట్టండి.

సీతాపతి:
మొహమాటం లేకుండా చెప్తా. టెన్త్ ముందు ఈ టాబ్లెట్ గోల ఏంటండీ, అటకెక్కించండి, ఇంటర్ అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు. బొమ్మలేసి బతికినవాళ్లని మా వీధిలో ఇంతవరకూ చూళ్లేదు.

మాసబ్ ట్యాంక్ బ్యాచ్:
అంకుల్, మీ వీధి వదిలేయండి. నేను హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఆర్ట్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదువుతున్నా, ఇక్కడ యానిమేషన్ కూడా ఒక బ్రాంచ్. ఎంట్రన్స్‌లో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది, ఎదురుగా ఫోటో ఉండదు, గీసింది వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ అసలే ఉండదు. ఇంటర్ అయ్యాక పెన్సిల్ పట్టుకున్నవాళ్లు ఎంత అవస్థ పడ్డారో దగ్గరుండి చూశా. టెన్త్ కోసం గంటలు తగ్గించుకోవచ్చు, పూర్తిగా మానేస్తేనే కష్టం.

ఆంటీ, దిద్దిందా లేదా అని పాపని అడగొద్దు. క్రిటా 5 నుంచి రికార్డర్ అని ఒకటి వచ్చింది, అది ఆన్ చేస్తే బొమ్మ మొదటి గీత నుంచి వీడియోగా తయారవుతుంది. పోలీసు పని కోసం కాదు, ఎక్కడ ఎక్కువసేపు తడబడుతోందో తనే చూసుకోవచ్చు. ఇంకోటి, ఫోటోలోంచి ఐడ్రాపర్‌తో రంగు లాగడం కొన్నాళ్లు ఆపమనండి, కంటితో చూసి కలపాలి. అలాగే ఎమ్ నొక్కితే బొమ్మ అద్దంలోలాగా తిరగబడుతుంది, ఆ ఒకే పక్క మొహాల వంకర్లన్నీ అప్పుడు బయటపడతాయి.

రావులపాలెం అమ్మ:
అందరికీ థాంక్సండీ. గుడ్డు సమస్య సెట్టింగే, సరైపోయింది, పాప మొహం వెలిగిపోయింది. చెంబు కూడా గీయించాను. జూన్‌లో అడుగు తిన్నని గీతే, ఇప్పుడు వంపు వచ్చింది, నీడ మాత్రం రెండు వైపులా వేసింది. ఎందుకని అడిగితే "రెండు లైట్లు వెలుగుతున్నాయి కదమ్మా" అంది, పైకి చూస్తే నిజమే! వాళ్ల నాన్న నోరు మెదపలేదు. టాబ్లెట్ అటకెక్కించడం లేదు, ఆదివారాలకి పరిమితం చేశాం, మిగతా రోజులు పుస్తకమే. ఒక బొమ్మ ప్రింట్ తీయిస్తే మసగ్గా వచ్చింది, అదెందుకు?

గీతల బాబు:
కాన్వాస్ చిన్నది తీసుకుని ఉంటుంది. ఏ4 ప్రింట్‌కి 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 బై 3508 పిక్సెల్స్ ఉండాలి, బొమ్మ మొదలుపెట్టేటప్పుడే అలా పెట్టుకోమనండి. చిన్న దాన్ని తర్వాత సాగదీస్తే మసకే వస్తుంది. పాత లాప్‌టాప్ కాబట్టి పెద్ద బ్రష్‌లు కాస్త నెమ్మదిస్తాయి, లేయర్లు తక్కువ పెట్టుకుంటే నడిచిపోతుంది.