గ్రేట్‌సోర్డ్ ఫైటర్‌కి ఏ రేస్ తీసుకోవాలి?

పాచికలపిచ్చి:
టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే రోల్‌ప్లే గేమ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 5వ ఎడిషన్, 2014 రూల్స్. ఒకటో లెవెల్ నుంచి మొదలు, 27 పాయింట్ల పాయింట్ బై (స్ట్రెంత్ లాంటి అంకెల్ని పాయింట్లు పెట్టి కొనుక్కోవడం), ఫీట్లు (ప్రత్యేక నైపుణ్యాలు) వాడుకోవచ్చు. గ్రేట్‌సోర్డ్ (రెండు చేతుల పెద్ద కత్తి) పట్టే ఫైటర్, మూడో లెవెల్లో ఛాంపియన్ అనే శాఖ. పార్టీలో ఎల్ఫ్ విజార్డ్, డ్వార్ఫ్ క్లెరిక్, హాఫ్లింగ్ రోగ్ ఉన్నారు. రేస్ (పాత్ర జాతి) వేరియంట్ హ్యూమన్, హాఫ్ ఆర్క్, మౌంటెన్ డ్వార్ఫ్, ఈ మూడింట్లో ఏదో తేలట్లేదు. క్రిట్‌కి (20 పడి, డ్యామేజ్ డైలు రెట్టింపయ్యే దెబ్బ) అదనపు డై (పాచిక) వస్తుంది కాబట్టి ఛాంపియన్‌కి హాఫ్ ఆర్కే సరైన జోడీ అంటున్నారు. నిజమేనా?

గండ్రగొడ్డలి:
ఆ మాట అందరూ అనేదే, లెక్క కట్టి చూస్తే అంత సీన్ లేదండి. హాఫ్ ఆర్క్‌కి ఉండే సావేజ్ అటాక్స్ క్రిట్‌కి ఇచ్చేది ఆయుధం డైల్లో ఒక్కటే. గ్రేట్‌సోర్డ్ 2డి6 (ఆరు ముఖాల డైలు రెండు) కాబట్టి మీకొచ్చేది ఒక డి6, అంటే సగటున 3.5. ఛాంపియన్‌కి 19, 20 రెండూ క్రిట్టే, అంటే నూటికి పది. విసురుకి 0.35 డ్యామేజ్ పెరుగుతుంది, అంతే.

"అయితే గ్రేట్‌యాక్స్ పడతా" అంటారేమో. దానికి డి12 అదనం, విసురుకి 0.65. కానీ మామూలు దెబ్బకి గొడ్డలి సగటు 6.5, కత్తి సగటు 7. సగానికి మించి విసుర్లు తగిలేచోట కత్తే ముందుంటుంది.

హాఫ్ ఆర్క్‌లో అసలు సరుకు రిలెంట్‌లెస్ ఎండ్యూరెన్స్. హిట్ పాయింట్లు (ప్రాణబలం) 0కి పడినప్పుడు 1 దగ్గర ఆగుతారు, లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్రలాంటి పెద్ద విశ్రాంతి) ఒకసారి. ఒకటో లెవెల్లో కాన్‌స్టిట్యూషన్ 16 ఉన్న ఫైటర్‌కి 13 హిట్ పాయింట్లు. ఓగర్ దుడ్డుకర్ర దెబ్బ 2డి8+4, దాని సగటూ 13. ఒక్క దెబ్బకి కింద పడాల్సినవాడు నిలబడి, తన టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో సెకండ్ విండ్ వాడి 1డి10+1 తిరిగి తెచ్చుకుంటాడు. మిగిలిన డ్యామేజ్ మీ గరిష్ఠ హిట్ పాయింట్లంత ఉండి నేరుగా చచ్చిపోతే మాత్రం ఇది పనిచేయదు.

చీకటిగుహ:
డ్యామేజే ముఖ్యమైతే వేరియంట్ హ్యూమన్ తీసుకోండి. దానికి ఒకటో లెవెల్లోనే ఒక ఫీట్ దొరుకుతుంది కాబట్టి గ్రేట్ వెపన్ మాస్టర్ వస్తుంది. డై వేయకముందే చెప్పి, తగలడానికి 5 తగ్గించుకుంటే డ్యామేజ్‌కి 10 కలుస్తుంది. స్ట్రెంత్ 16తో తగలడానికి మీ బోనస్ +5. ఫైటింగ్ స్టైల్, క్రిట్ పక్కన పెట్టి లెక్కేస్తే: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 13 మీద మామూలుగా సగటు 6.5, ఫీట్ వాడితే 8. 16 మీద రెండూ 5. 18 మీద మామూలుగా 4, ఫీట్‌తో 3. చాలామంది ఇక్కడే తప్పుతారు, ప్లేట్ ఆర్మర్ వేసుకున్నవాడి మీద కూడా ప్రతి విసురుకీ ఫీట్ వాడేస్తారు. మీ క్లెరిక్ బ్లెస్ మంత్రం వేస్తే మీ విసురుకి డి4 కలుస్తుంది, అప్పుడు 16 మీద కూడా ఫీట్‌దే పైచేయి.

హ్యూమన్‌కి డార్క్‌విజన్ (చీకట్లో చూసే శక్తి) లేదు, చీకట్లో కనపడని శత్రువు మీద డిసడ్వాంటేజ్ (రెండు డైలు వేసి తక్కువది తీసుకోవాలి). రెండు చేతులా కత్తి పట్టినవాడికి టార్చ్ పట్టే చెయ్యి ఉండదు. కానీ మీ పార్టీలో హాఫ్లింగ్‌కీ డార్క్‌విజన్ లేదు, వెలుగు ఎలాగూ కావాలి. విజార్డ్‌ని లైట్ క్యాంట్రిప్ (చిన్న మంత్రం) తీసుకోమనండి. మీ కత్తి మీద వేస్తే గంటసేపు 20 అడుగుల దాకా పూర్తి వెలుగు, ఇంకో 20 అడుగులు మసక. ఆ వెలుగుకి శత్రువులు కూడా మిమ్మల్ని చూస్తారనుకోండి, అది వేరే గొడవ.

ఇనపచొక్కా:
డ్వార్ఫ్‌ని మరీ వదిలేశారు. దానికి స్ట్రెంత్ +2, కాన్‌స్టిట్యూషన్ +2. రెండూ 16 కావాలంటే హ్యూమన్ 15, 15 కొనాలి, 18 పాయింట్లు. డ్వార్ఫ్‌కి 14, 14 చాలు, 14 పాయింట్లు. మిగిలిన 13తో విజ్డమ్ 14, డెక్స్టెరిటీ 12, ఇంటెలిజెన్స్ 10 వస్తాయి. విజ్డమ్ సేవ్‌లో (మంత్రాల్లాంటివి తట్టుకునే విసురు) ఫైటర్‌కి ప్రొఫిషియన్సీ (శిక్షణ బోనస్) లేదు కాబట్టి ఆ 14 బాగా అక్కరకొస్తుంది. పాయిజన్‌కి రెసిస్టెన్స్ కూడా ఉంది. గొడ్డళ్ళు, సుత్తులు, మీడియం ఆర్మర్ ప్రొఫిషియన్సీ మాత్రం మీకు దండగ, ఫైటర్‌కి అవి ముందే ఉంటాయి. నడక 25 అడుగులే. విల్లుతో కొట్టి వెనక్కి జరిగే గోబ్లిన్ల దగ్గర ఇబ్బంది పడతారు. జావెలిన్లు నాలుగైదు దగ్గరుంచుకోండి.

పాచికలపిచ్చి:
థాంక్సండీ అందరికీ. డీఎంని (ఆట నడిపేవారిని) అడిగితే వేరియంట్ హ్యూమన్ వద్దన్నారు. ఇక హాఫ్ ఆర్కేనా?

గండ్రగొడ్డలి:
అవునండి, వేరియంట్ హ్యూమన్ దొరక్కపోవడం ఫైటర్‌కి పెద్ద దెబ్బేం కాదు. స్ట్రెంత్ 15+2, కాన్‌స్టిట్యూషన్ 15+1, విజ్డమ్ 13, డెక్స్టెరిటీ 10, ఇంటెలిజెన్స్ 10, కరిష్మా 8. స్ట్రెంత్ 17 బేసి అంకెలో ఆగిందని బాధపడకండి. 4వ లెవెల్లో హెవీ ఆర్మర్ మాస్టర్ తీసుకుంటే స్ట్రెంత్ 18 అవుతుంది, హెవీ ఆర్మర్‌లో ఉన్నంతసేపూ మ్యాజిక్ లేని ఆయుధాల ప్రతి దెబ్బలోనూ 3 తగ్గుతుంది. గోబ్లిన్ కత్తి దెబ్బ సగటు 5, అందులో మీకు తగిలేది 2. ఫైటర్‌కి 6వ లెవెల్లో కూడా ఫీట్ దొరుకుతుంది, గ్రేట్ వెపన్ మాస్టర్ అక్కడ పెట్టుకోండి. 8లో స్ట్రెంత్ 20.

మీ టేబుల్ 2024 పుస్తకానికి మారే ఆలోచనలో ఉంటే ముందే అడిగేయండి. అందులో ఈ +2, +1లు బ్యాక్‌గ్రౌండ్ నుంచి వస్తాయి, హాఫ్ ఆర్క్ బదులు ఆర్క్ ఉంటుంది, గ్రేట్ వెపన్ మాస్టర్‌లో ఆ 5 తగ్గింపూ, 10 కలపడమూ లేవు.