భీమిలికి బస్సులో వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

ఊరిబాట: వచ్చే నెల నాన్నగారితో హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నాం. ఆయన సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూడాలని ఎన్నాళ్లనుంచో అంటున్నారు. కారు లేదు, ఆయనకి మోకాళ్ల నొప్పులు. బస్సులో కుదురుతుందా?

గోస్తనిగట్టు: నిక్షేపంగా కుదురుతుందండి. రైల్వేస్టేషన్ దగ్గర 900కె ఎక్కండి, బీచ్ రోడ్డు మీదుగా సుమారు 30 కిలోమీటర్లు. కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి, సముద్రం అటే. 999 కూడా భీమిలికే వస్తుంది గానీ మధురవాడ మీదుగా తిరిగి వస్తుంది, అందులో సముద్రం కనపడదు. పొద్దున్నే బయల్దేరితే బస్సు ఖాళీగా ఉంటుంది, పెద్దాయనకి ఎండ బాధా ఉండదు.

సిక్కోలు: మాలా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు వైజాగ్ దాకా పోనక్కర్లేదు. తగరపువలసలో దిగితే అక్కణ్నుంచి భీమిలికి ఆటోలు ఉంటాయి.

ఎర్రమట్టి: సమాధుల తోట గురించి ఒక మాట. మేం మే నెలలో మిట్టమధ్యాహ్నం వెళ్లాం, గేటుకి తాళం. పిల్లలు ఎండకి ఏడుపు, నాకు టెన్షన్. పక్కింటావిడ వెళ్లి ఎవరినో పిలుచుకొచ్చాక తీశారు. లోపల కొన్ని పిరమిడ్‌లా సూదిగా లేచి ఉంటాయి, ఉప్పుగాలికి రాతలు చాలావరకు అరిగిపోయాయి. పదిహేడో శతాబ్దంలో బట్టల వ్యాపారానికొచ్చి, 1825లో ఊరు ఇంగ్లిషువాళ్లకి అప్పగించి పోయినవాళ్ల గుర్తులు ఇవే కదా, ఇంకొంచెం బాగా చూసుకోవాలి మనం. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరండీ ఇది!

గోస్తనిగట్టు: పావురాలకొండ మీద బౌద్ధారామం శిథిలాలు, వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఉన్నాయి. నాకైతే సమాధులకన్నా అవే ఇష్టం, కానీ ఎక్కాలి, నాన్నగారికి వద్దు. దాని బదులు గోస్తని సముద్రంలో కలిసేచోట కూర్చోబెట్టండి. నీళ్లలోకి దిగేముందు మాత్రం అక్కడి జాలరుల్ని అడగండి.

ఊరిబాట: వెళ్లొచ్చామండీ, అందరికీ చాలా థ్యాంక్స్. ఏడింటి బస్సు ఎక్కాం, కుడి కిటికీ దొరికింది. ఒక రాయి ముందు నాన్నగారు కళ్లజోడు తుడుచుకుని, వంగి, అరిగిన అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ అరగంట ఉండిపోయారు. మోకాళ్ల మాటే ఎత్తలేదు.