పీహెచ్‌పీలో రిక్వెస్ట్ డేటా చదవడానికి హెల్పర్ ఫంక్షన్లు ఎలా రాసుకుంటున్నారు?

పాతకోడ్_కొత్తచేతులు:

అందరికీ నమస్తే. ఒక పాత పీహెచ్‌పీ ప్రాజెక్ట్ నా చేతికొచ్చింది, ఫ్రేమ్‌వర్క్ ఏం లేదు, అన్నీ ప్లెయిన్ స్క్రిప్టులే. ఈమధ్యే సర్వర్‌లో పీహెచ్‌పీని 7.4 నుంచి 8.3కి మార్చారు. ప్రతి స్క్రిప్టూ ఒక కామన్ ఫైల్‌ని ఇంక్లూడ్ చేస్తుంది, అందులో క్లీన్ అని ఒక ఫంక్షన్ ఉంది, ఫారం నుంచి ఏదొచ్చినా దానికి ట్రిమ్ (అటూ ఇటూ ఖాళీలు తీసేది) కొట్టి, స్ట్రిప్‌స్లాషెస్ (బ్యాక్‌స్లాష్‌లు తీసేది) కొట్టి, ఆపైన హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (కోట్, యాంపర్సాండ్ లాంటి గుర్తులని హెచ్‌టీఎంఎల్ కోడ్‌లుగా, అంటే ఎంటిటీలుగా మార్చేది) కూడా కొట్టి, అలా వచ్చిందాన్నే డేటాబేస్‌లో పెట్టేస్తోంది. టెంప్లేట్లు మళ్ళీ చూపించేటప్పుడు విడిగా ఎస్కేప్ చేస్తున్నాయి, అంటే ఆ గుర్తులని ఇంకోసారి అలాగే మారుస్తున్నాయి.

వెర్షన్ మారిన దగ్గర్నుంచీ పేర్లలో సింగిల్ కోట్ ఉన్నచోటల్లా యాంపర్సాండ్, హాష్, 039 అని కనబడుతోంది, ఎడిట్ చేసి సేవ్ కొట్టిన ప్రతిసారీ అది ఇంకాస్త పొడుగవుతోంది. ఇంకో రెండు గొడవలు కూడా ఉన్నాయి: మొబైల్ యాప్ నుంచి జేసన్ (డేటాని టెక్స్ట్‌గా పంపే ఫార్మాట్) పంపిస్తే పోస్ట్ అర్రే (ఫారం డేటాని పీహెచ్‌పీ పెట్టే చోటు) ఖాళీగా వస్తోంది, లాగ్‌లో అప్పుడప్పుడు ట్రిమ్‌కి స్ట్రింగ్ బదులు అర్రే వచ్చిందని టైప్ ఎర్రర్ పడుతోంది. ఫ్రేమ్‌వర్క్‌కి మారే టైం ఇప్పుడు లేదు. ఈ ఒక్క ఫంక్షన్‌నే బాగుచేయాలా, లేక తీసేసి కొత్తగా రాసుకోవాలా?

గడపదాటాక_ఎస్కేప్:

తీసేయండి, బాగుచేస్తే బాగుపడేది కాదది. ఒకే ఫంక్షన్ మీద సంబంధం లేని రెండు పనులు పెట్టారు. రిక్వెస్ట్ చదవడం ఒక పని, హెచ్‌టీఎంఎల్‌లో పెట్టేముందు ఎస్కేప్ చేయడం ఇంకో పని. లోపలికొచ్చేటప్పుడు ఆ డేటా ఎక్కడికి పోతుందో మనకి తెలీదు కదా, అదే పేరు రేపు ఈమెయిల్ సబ్జెక్ట్‌లోకి పోవచ్చు, సీఎస్‌వీలోకి పోవచ్చు, యాప్‌కి జేసన్‌గా పోవచ్చు, వాటిల్లో ఎక్కడా హెచ్‌టీఎంఎల్ ఎస్కేపింగ్ అక్కర్లేదు. అందుకే ముడిగానే దాచండి, బయటికి వెళ్ళే చోట ఎస్కేప్ చేయండి. ఎస్క్యూఎల్‌కి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (క్వెరీని, అందులోని విలువలని విడివిడిగా పంపే పద్ధతి) వాడండి, హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ దాన్నేం కాపాడదు.

ఇక ఇప్పుడే ఎందుకు బయటపడిందంటే, 8.1 ముందు వరకు హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ డిఫాల్ట్‌గా సింగిల్ కోట్‌ని ముట్టుకునేది కాదు, 8.1 నుంచి దాన్ని కూడా మారుస్తుంది. యాంపర్సాండ్ ఉన్న పేర్లు మాత్రం ముందు నుంచే పాడై ఉంటాయి, ఓసారి చూడండి. స్ట్రిప్‌స్లాషెస్ మ్యాజిక్ కోట్స్ (వచ్చిన డేటాలో కోట్‌ల ముందు పీహెచ్‌పీయే బ్యాక్‌స్లాష్‌లు పెట్టే ఫీచర్) కాలం నాటిది, ఆ ఫీచర్‌నే 2012లో వచ్చిన 5.4లో తీసేశారు, ఇప్పుడది యూజర్ నిజంగా టైప్ చేసిన బ్యాక్‌స్లాష్‌లని తినేయడం తప్ప ఇంకేం చేయట్లేదు.

నేనైతే చిన్న చిన్నవి రాసుకుంటా. టెక్స్ట్‌కి ఒకటి: కీ లేకపోతే డిఫాల్ట్ ఇస్తుంది, స్ట్రింగ్ కాకుండా ఇంకేదైనా వస్తే ఒప్పుకోదు, ఉంటే ట్రిమ్ చేసి ఇస్తుంది, అంతే. మీ టైప్ ఎర్రర్ కూడా దీంతోనే పోతుంది, ఎందుకంటే ఎవరైనా యూఆర్‌ఎల్‌లో పేరు పక్కన ఖాళీ స్క్వేర్ బ్రాకెట్లు పెడితే చాలు పీహెచ్‌పీ దాన్ని అర్రే చేసేస్తుంది, పాత వెర్షన్లలో వార్నింగ్‌తో పోయేది 8లో ఎర్రర్ అయింది. నంబర్లకి ఒకటి: ఇంట్‌వాల్ వద్దు, అది 12 తర్వాత అక్షరాలున్నా నోరెత్తకుండా 12 ఇచ్చేస్తుంది, ఫిల్టర్ వార్‌లో వ్యాలిడేట్ ఇంట్ వాడి రిజల్ట్‌ని మూడు ఈక్వల్స్‌తో ఫాల్స్‌తో పోల్చండి, లేకపోతే నిజంగా సున్నా వచ్చినప్పుడు అది కూడా తప్పు ఇన్‌పుట్ కింద పోతుంది. ఎంప్టీతో చెక్ చేసినా ఇదే బాధ, స్ట్రింగ్ సున్నాని కూడా ఖాళీ అంటుంది.

నేరుగా_ఫిల్టర్:

ఇంత అవసరమా బ్రో, ఫిల్టర్ ఇన్‌పుట్ అని భాషలోనే ఉంది కదా, 5.2 నుంచీ ఉంది. గెట్టో పోస్టో చెప్తే అదే తెచ్చిస్తుంది, మామూలుగా వాడితే అర్రే వచ్చినా ఫాల్స్ ఇస్తుంది. ఏది ఎటునుంచి వస్తుందో తెలీకపోతే రిక్వెస్ట్ అర్రే వాడుకోవచ్చు.

గడపదాటాక_ఎస్కేప్:

ఫిల్టర్ ఇన్‌పుట్ చెడ్డదేం కాదు కానీ అది రిక్వెస్ట్‌తో వచ్చిన అసలు డేటానే చూస్తుంది, స్క్రిప్ట్‌లో మీరు పోస్ట్ అర్రేలో ఏం పెట్టినా దానికి కనబడదు, కాబట్టి కమాండ్ లైన్‌లో టెస్టులు రాయాలంటే కుదరదు. జేసన్ బాడీ కూడా దానికి తెలీదు. నా హెల్పర్లన్నీ అర్రేని ఆర్గ్యుమెంట్‌గా తీసుకుంటాయి, గెట్ ఇవ్వు, పోస్ట్ ఇవ్వు, డీకోడ్ చేసిన జేసన్ ఇవ్వు, ఏదైనా ఒకటే పని. ఇక పాత ట్యుటోరియల్స్‌లో కనిపించే శానిటైజ్ స్ట్రింగ్ ఫిల్టర్ మాత్రం వాడకండి, 8.1లో డెప్రికేట్ అయింది, అంటే ఇక వాడొద్దని ప్రకటించారు.

రిక్వెస్ట్ అర్రే అసలొద్దు. అందులో గెట్, పోస్ట్ కలిసిపోతాయి, సెట్టింగ్‌ని బట్టి కుకీలు కూడా వచ్చి చేరతాయి. డిలీట్ లాంటి పని పోస్ట్‌లోనే జరగాలనుకున్నప్పుడు మామూలు లింక్ నొక్కినా అది నడిచిపోతుంది. ఎక్కడి నుంచి రావాలో తెలీదంటే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

ముడిబాడీ:

జేసన్ సంగతి నేను చెప్తా. బాడీ ఫారం ఎన్‌కోడింగ్‌లోనో మల్టీపార్ట్‌లోనో వస్తేనే పీహెచ్‌పీ పోస్ట్ అర్రేని నింపుతుంది, కంటెంట్ టైప్ జేసన్ అయితే వదిలేస్తుంది. దాన్ని పీహెచ్‌పీ ఇన్‌పుట్ స్ట్రీమ్ నుంచి ఫైల్ గెట్ కంటెంట్స్‌తో మీరే చదివి డీకోడ్ చేసుకోవాలి, డీకోడ్‌కి త్రో ఆన్ ఎర్రర్ ఫ్లాగ్ ఇవ్వండి, లేకపోతే విరిగిన జేసన్‌కీ నల్ అని వచ్చిన జేసన్‌కీ తేడా తెలీదు. ఎర్రర్ వస్తే 400 (రిక్వెస్ట్ తప్పుగా ఉందని చెప్పే స్టేటస్ కోడ్) పంపి ఆపేయండి. డీకోడ్ అయింది కదా అని అర్రేనే అనుకోవద్దు, ఉత్త నంబర్ కూడా చెల్లే జేసనే.

ఇంకోటి చాలామంది తల పట్టుకునేది. బాడీ సైజు పోస్ట్ మ్యాక్స్ సైజ్ దాటితే పోస్ట్, ఫైల్స్ అర్రేలు రెండూ ఖాళీగా వస్తాయి, మీ కోడ్ చూసి పేరు ఇవ్వలేదు, ఈమెయిల్ ఇవ్వలేదు అని మెసేజ్‌లు చూపిస్తుంది, పాపం యూజర్ అన్నీ నింపే ఉంటాడు. డిఫాల్ట్ 8 ఎంబీ, ఒక్కో ఫైల్‌కి 2 ఎంబీ. పోస్ట్ మెథడ్ అయ్యుండి రెండు అర్రేలూ ఖాళీగా ఉండి కంటెంట్ లెంగ్త్ ఆ లిమిట్ కంటే పెద్దదైతే సైజు ఎక్కువైందని చెప్పే చెక్ ఒకటి హెల్పర్ ఫైల్‌లోనే పెట్టండి. పెద్ద టేబుల్ ఫారాలకి మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ కూడా చూసుకోండి, అది డిఫాల్ట్‌గా 1000, ఆపైన వచ్చిన ఫీల్డులు వార్నింగ్‌తో ఆగిపోతాయి.

రీడైరెక్ట్ హెల్పర్ రాస్తే లొకేషన్ హెడర్ తర్వాత ఎగ్జిట్ అందులోనే పెట్టేయండి, హెడర్ పంపినంత మాత్రాన స్క్రిప్ట్ ఆగదు, కింద కోడ్ మొత్తం నడుస్తుంది.

పాతకోడ్_కొత్తచేతులు:

చాలా థాంక్స్ అండీ, కోట్స్ గొడవ ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. మరి డేటాబేస్‌లో ఇప్పటికే పాడైపోయినవాటి సంగతేంటి? అన్నిటికీ డీకోడ్ కొట్టేసి ఎంటిటీలని తిరిగి మామూలు అక్షరాలు చేసేస్తే సరిపోతుందా?

గడపదాటాక_ఎస్కేప్:

తొందరపడకండి, ఇక్కడ వరస ముఖ్యం. ముందు టెంప్లేట్లన్నీ వెతికి ఎస్కేప్ లేకుండా ప్రింట్ చేస్తున్న చోట్లన్నీ సరిచేయండి, ఏ ఒక్క పేజీ వదిలేసినా, ఇన్నాళ్ళూ డేటాబేస్‌లో ఎస్కేప్ అయి పడున్న స్క్రిప్ట్ ట్యాగ్ డీకోడ్ కాగానే ఆ పేజీలో నిజంగానే నడుస్తుంది. తర్వాత క్లీన్ తీసేసి కొత్త హెల్పర్లు పెట్టండి, అప్పుడే కొత్త చెత్త రావడం ఆగుతుంది. అన్నిటికన్నా చివర్లో బ్యాకప్ తీసుకుని పాత రికార్డులకి డీకోడ్.

డీకోడ్ కూడా మారడం ఆగేదాకా లూప్‌లో కొట్టొద్దు, హెచ్‌టీఎంఎల్ గురించి రాసుకున్నవాళ్ళ టెక్స్ట్‌లో ఆ ఎంటిటీలు నిజంగానే ఉండొచ్చు. కొత్త హెల్పర్లు పెట్టిన టైంకి ముందువాటికి మాత్రం ఒక్క పొర తీయండి, ఇంకా మిగిలినవాటిని విడిగా లిస్ట్ చేసుకుని కళ్ళతో చూసి తీయండి.