ఊగే రాష్ట్రమా, తూగే రాష్ట్రమా?

గ్రూపులో అందరికీ నమస్కారం. అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పలేని రాష్ట్రాన్ని స్వింగ్ స్టేట్ అంటారు. ఆ మాటకు మన పత్రికలు రాస్తున్న తెలుగు గురించి ఒక సందేహం. ఈ సందేహం మొదట వచ్చింది మా అమ్మకి.

మేం జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా శివార్లలో ఉంటాం. 2024 అక్టోబర్‌లో మా పోస్టు డబ్బా నిండా ట్రంప్, హ్యారిస్ కరపత్రాలే. రోజూ ఫోనుకి మెసేజులు, శని ఆదివారాలు వస్తే తలుపు కొట్టేవాళ్లు. ఒక రోజు తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్‌లో ఉండగా డోర్‌బెల్ మోగింది. ప్రచారానికి వచ్చారమ్మా అన్నాను. అప్పుడు అడిగింది: "పేపర్లో చదివానురా, మీది ఊగిసలాడే రాష్ట్రమట గదా. అంటే మీ ఊళ్లో జనానికి ఎవరికి వెయ్యాలో ఇంకా తేలలేదా? రెండు వారాలే గదా ఉంది!"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట చదివితే ఎవరికైనా అదే అర్థమవుతుంది. ఊగిసలాట మనసుకి సంబంధించిన మాట. సంబంధం ఒప్పుకోవాలా వద్దా అని ఊగిసలాడతాం, ఉన్న ఉద్యోగం మానేయాలా అని ఊగిసలాడతాం. నిలకడ లేదనే చిన్న నింద కూడా అందులో ఉంది. మా వీధిలో అలాంటి వాళ్లు ఎంతమంది? ఎదురింటాయన జెండా ఎనిమిదేళ్లుగా మారలేదు. పక్కింటి టీచరమ్మ ముందస్తు ఓటింగ్ మొదలైన రోజే వెళ్లి వేసొచ్చింది. మా తెలుగు ఇళ్లలో రాత్రి భోజనాల దగ్గర వాదనలు జరిగేవి గానీ, వాదించే వాళ్లందరికీ తమ ఓటు ఎవరికో ఏడాది ముందే తెలుసు.

అయినా జార్జియా ఫలితం ఎవరూ చెప్పలేకపోయేవారు. ఎందుకో 2020 లెక్క చూస్తే తెలుస్తుంది. సుమారు 50 లక్షల ఓట్లు పోలయితే బైడెన్‌కి ట్రంప్ మీద వచ్చిన ఆధిక్యం 11,779. వెయ్యికి రెండున్నర ఓట్లు కూడా కాదు.

అమ్మకి ఇదే చెప్పాను. ఆమె పుట్టింటి వాళ్లది కిరాణా కొట్టు. కాసేపు ఆలోచించి, "అయితే ఊగిసలాట అంటారేమిటి, రెండు పళ్లేలూ సమానంగా ఉన్నాయన్నమాట, మొగ్గు ఎటో తెలియట్లేదు" అంది.

నాకు ఒక్కసారిగా తాతయ్య కొట్లోని ఇత్తడి త్రాసు కళ్లముందుకి వచ్చింది. ఒక పళ్లెంలో రాళ్లు, ఇంకో పళ్లెంలో కాగితం పొట్లం. కందిపప్పు పోస్తూ పోస్తూ చివరికి వచ్చేసరికి తాతయ్య చెయ్యి నెమ్మదించేది. బొటనవేలితో నాలుగేసి గింజలు జార్చేవాడు. ముల్లు నిటారుగా నిలబడి సన్నగా వణికేది. అప్పుడు కొనే ఆవిడ "కాస్త మొగ్గుగా తూచు" అనేది. ఇంకో నాలుగు గింజలు పడేవి, పళ్లెం వాలేది. ఆ చివరి గింజలే మొగ్గు. పత్రికల్లో ఈనాటికీ "ఓటర్ల మొగ్గు ఎటు" అని రాస్తున్నాం గానీ అది త్రాసు దగ్గరి మాట అని మరిచిపోయాం.

అందుకే నా ప్రతిపాదన: ఊగిసలాడే రాష్ట్రాలు అనడం మానేసి "మొగ్గు రాష్ట్రాలు" అందాం. ఎవరిదో మనసు నిలవక కాదు, రెండు వైపులా బరువు సమానమై ఇలా జరుగుతోందని ఆ మాటే చెబుతుంది.

వాడుకలో ఉన్న మిగతా మాటల సంగతి. "తటస్థ రాష్ట్రాలు" అని ఒక చానెల్‌లో విన్నాను. తటం అంటే ఒడ్డు, తటస్థుడు ఏటిలో దిగకుండా ఒడ్డున నిలబడ్డవాడు. నిలువునా ఏట్లో ఉన్న పెన్సిల్వేనియాకి ఆ మాట ఎలా నప్పుతుంది? "గోడమీద పిల్లి" అంటే అవకాశవాది అనే తిట్టు, దాన్ని రాష్ట్రాలకి అంటగట్టకూడదు. "హోరాహోరీ రాష్ట్రాలు" వినడానికి బాగుంది, కానీ అది పోటీదారుల జోరు గురించి చెబుతుంది, ఓటర్ల గురించి కాదు. "కీలక రాష్ట్రాలు" సంగతే తేలట్లేదు, దాని మీద మీ అభిప్రాయం కావాలి.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. అధ్యక్షుడెవరో తేల్చేది రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు. అవి మొత్తం 538, గెలవాలంటే 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్నిచోట్లా రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ వాళ్లకే. కాలిఫోర్నియా 54 ఎటు పోతాయో, టెక్సస్ 40 ఎటు పోతాయో పోయినసారి అందరికీ ముందే తెలుసు. తెలియనివి ఏడు: పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరోలినా, మిషిగన్, అరిజోనా, విస్కాన్సిన్, నెవాడా. ఈ ఏడింటివీ కలిపి 93.

•

హైదరాబాద్ నుంచి ఒక పత్రిక డెస్క్ మిత్రుడు:

అన్నా, మాకు హెడ్డింగ్‌లో చోటు తక్కువ. రాత్రి పదకొండింటికి పేజీ వదలాలి. "కీలక రాష్ట్రాలు" అంటే చదివేవాళ్లకి వెంటనే అందుతుంది. "మొగ్గు రాష్ట్రాలు" అంటే పూల మొగ్గలు అనుకుంటారేమోనని భయం. ఊగిసలాట తప్పని ఒప్పుకుంటాను. ఇకమీద నా వరకూ నేను రాయను.

•

తమ్ముడూ, ఆ ఒక్క మాట చాలు. కీలకం మీద నాకు కోపం లేదు. అసలు అర్థం చీల, మేకు. బండి చక్రం ఊడిపోకుండా పెట్టే చీల ఎంత ఉంటుంది? కానీ అది జారితే బండి పడిపోతుంది. 2016లో మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి సుమారు 78 వేల ఓట్ల తేడాతో ట్రంప్‌కి వెళ్లాయి. దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న హిల్లరీ క్లింటన్ ఓడిపోయారు. అది చీల జారడమే. నా బాధల్లా ఆ మాటని మనం అరగదీసేశాం. కీలక భేటీ, కీలక వ్యాఖ్యలు, కీలక మలుపు, కీలక ఆదేశాలు... రోజుకి ఇరవైసార్లు చదివిన మాటలో చీల ఎవరికి కనిపిస్తుంది?

మొగ్గ వేరు, మొగ్గు వేరు. రెండు రోజులు రాస్తే పాఠకులకి అలవాటైపోతుంది.

•

కరీంనగర్ నుంచి ఒకరు:

మా దిక్కు తూచడం అనరు సార్, జోకుడు అంటరు. త్రాసుని కాంటా అంటరు. పత్తి జోకేటప్పుడు రైతు కండ్లు కాంటా ముల్లు మీదనే ఉంటయి. మొగ్గు మాకూ తెలిసిన మాటే. ఇంకొకటి: ఇక్కడ ఎవరూ ఒపీనియన్ పోల్ అనరు, అభిప్రాయ సేకరణ అసలే అనరు. "సర్వే ఏమంటుంది" అనే అడుగుతరు.

•

లెక్కల లెక్చరర్‌గా రిటైరైన పెద్దాయన ఒకరు:

బాబూ, సర్వే అనగానే మన పెద్దల స్థాలీపులాక న్యాయం గుర్తొస్తుంది. స్థాలి అంటే కుండ, పులాకం అంటే మెతుకు. అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా దించక్కర్లేదు, ఒక్క మెతుకు నొక్కి చూస్తే చాలు. క్లాసులో శాంపిల్ గురించి చెప్పడానికి ముప్పై ఏళ్లు ఈ న్యాయమే వాడాను. కానీ దాంతో పాటు ఒక షరతు కూడా చెప్పేవాణ్ణి. కుండలో నీళ్లు అన్ని మెతుకులనీ ఒకేలా ఉడికిస్తాయి కాబట్టి ఒక్కటి చాలుతుంది. జనం అలా ఉడకరు.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలో రూజ్వెల్ట్ మీద లాండన్ పోటీ చేశాడు. అప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి కార్డులు పంపి 20 లక్షలకు పైగా జవాబులు తెప్పించుకుంది. లాండన్ గెలుస్తాడని రాసింది. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. కార్డులు ఎక్కువగా టెలిఫోన్లు, కార్లు ఉన్న ఇళ్లకి వెళ్లాయి, అందులోనూ తిరిగి రాసి పంపే ఓపిక ఉన్నవాళ్లే పంపారు. కుండ పైపైన ఉన్న మెతుకులు 20 లక్షలు ఏరినా అడుగున ఉన్నదాని సంగతి తెలియదు. అదే ఏడాది గాలప్ అనే సర్వే నిపుణుడు చాలా తక్కువ మందిని అడిగి, గెలిచేది ఎవరో సరిగ్గా చెప్పాడు.

ఇక మీ మొగ్గు సంగతి. 800 మందిని అడిగిన సర్వేలో ఒక్కొక్కరి అంకెకు అటూ ఇటుగా మూడున్నర పాయింట్ల తేడా ఉండొచ్చు. ఇద్దరి మధ్య దూరం కొలిస్తే ఆ తేడా దాదాపు రెట్టింపు. ఒకరికి 48, ఇంకొకరికి 47 అని వస్తే "ఒక పాయింట్ ముందంజ" అని రాస్తున్నారు. బస్తాలు జోకే కాంటా మీద బంగారం తూచినట్టుంది అది. ఈ అటూ ఇటూ తేడానే ఇంగ్లీషులో మార్జిన్ ఆఫ్ ఎర్రర్ అంటారు. పత్రికలవాళ్లు దాన్ని "తప్పిదాల శాతం" అని రాయడం చూశాను. అందులో తప్పిదం ఎవరిదీ లేదు. "అటూ ఇటుగా 3 పాయింట్లు" అంటే చాలు. శాతం అని కూడా వద్దు, పాయింట్లే అనండి.

•

మాస్టారూ, మీ కాంటా పోలిక నన్ను పట్టేసింది. 2024 ఎన్నికకు మూడు రోజుల ముందు అయోవా రాష్ట్రంలో ఆన్ సెల్జర్ అనే సర్వే నిపుణురాలి సర్వే హ్యారిస్‌ని 3 పాయింట్లు ముందు చూపించింది. ఆమెకి ఎంతో మంచి పేరుంది కాబట్టి ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపులన్నీ అట్టుడికిపోయాయి. ఫలితం వచ్చేసరికి ట్రంప్ 13 పాయింట్లతో గెలిచాడు. సర్వే వార్తల్లో మనం "ఓటరు నాడి" అని రాస్తాం. నాడి పట్టి చూసినవాళ్లు కూడా ఒక్కోసారి పొరబడతారు, కాబట్టి ఆ మాట నాకు నచ్చుతుంది. దాన్ని అలాగే ఉంచుకుందాం.

మధ్యలో ఇంకో చిన్న మాట. మన దగ్గర గెలిచిన తేడాని మెజారిటీ అంటాం, "పదివేల మెజారిటీతో గెలిచాడు" అని. ఇక్కడ మెజారిటీ అంటే సగం కన్నా ఎక్కువ. 2020 జార్జియాలో బైడెన్‌కి వచ్చింది 49.5 శాతమే. మన లెక్కలో ఆయన మెజారిటీ 11,779, ఇక్కడి లెక్కలో ఆయనకి మెజారిటీయే లేదు. అమెరికా వార్త రాసేటప్పుడు "ఆధిక్యం" వాడితే ఈ గొడవ రాదు.

•

విజయనగరం నుంచి ఒక తెలుగు టీచరు:

అన్నయ్యగారూ, మీ వాదనలో ఒక లోటు ఉంది. ఒక్క ఎన్నిక చూస్తే త్రాసే సరైన పోలిక. కానీ నాలుగు ఎన్నికలు వరుసగా చూడండి. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్ 2012లో ఒబామాకి, 2016లో ట్రంప్‌కి, 2020లో బైడెన్‌కి, 2024లో మళ్లీ ట్రంప్‌కి వెళ్లాయి. అది ఊగడం కాదా? ఇంగ్లీషులో స్వింగ్ అన్నది ఊరికే అనలేదు. ఊగిసలాట వద్దన్నారు, బాగుంది. ఉయ్యాలని మాత్రం వదలకండి. డోలాయమానంలో ఉన్న డోల కూడా ఉయ్యాలే.

నేను చెప్పేది ఇదండీ. రెండు అర్థాలూ ఉన్న మాట మన దగ్గర ఇప్పటికే ఉంది: తూగు. తూగుటుయ్యాలలో ఉన్న తూగు ఊగడం. సరితూగడంలో ఉన్న తూగు బరువు సమానం కావడం. తూనిక, తూకం మాటలు ఆ కుదుటివే. "తూగు రాష్ట్రాలు" అంటే ఒక ఎన్నికలో సరితూగేవి, ఎన్నిక ఎన్నికకీ ఊగేవి, రెండూ చెప్పినట్టవుతుంది.

•

అమ్మా, మీకు చేతులెత్తి నమస్కారం. మీ జవాబు రెండుసార్లు చదివాను. త్రాసు పక్కన పెరిగినవాణ్ణి, తూగుటుయ్యాలలో ఊగినవాణ్ణి, ఆ రెండింటిలో ఉన్నది ఒకే మాట అని ఇన్నేళ్లూ తట్టలేదు. మొగ్గు రాష్ట్రాలు అన్న నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. రాష్ట్రానికి తూగు, ఆ చివరి గింజలకి మొగ్గు. "తూగు రాష్ట్రాల్లో మొగ్గు ఎటు?" డెస్క్ తమ్ముడూ, ఇది మీ హెడ్డింగ్‌లో పడుతుందా?

మీరు చెప్పిన ఊగడం మా జార్జియాకీ ఉంది, కాకపోతే చాలా నెమ్మది. 1992లో బిల్ క్లింటన్ గెలిచాక డెమోక్రాట్లు మళ్లీ గెలిచింది 2020లోనే. ఆ మధ్య ఇరవై ఎనిమిదేళ్లలో అట్లాంటా చుట్టూ గ్వినెట్, కాబ్ లాంటి కౌంటీల్లోకి కొత్త జనం వచ్చారు, మాలాంటి వాళ్లం కూడా. పళ్లెంలోకి కొత్త గింజలు పడ్డాయి, ఉన్న గింజలన్నీ పళ్లేలు మారలేదు.

ఈ చర్చంతా నిన్న అమ్మకి చదివి వినిపించాను. తూగు దగ్గర ఆగి, "అవును, అమ్మమ్మ 'తూగుతున్నావు, పోయి పడుకో' అనేది" అంది. నిద్రలో తల అటూ ఇటూ వాలడానికీ అదే మాట. తర్వాత 2024లో మీ దగ్గర తేడా ఎంతని అడిగింది. ట్రంప్‌కి లక్షా పదిహేను వేల ఆధిక్యం అని చెప్పాను. పప్పు లెక్కలో చెప్పమంది. పోలైన ఓట్లన్నీ కిలో కందిపప్పు అనుకుంటే 2020లో తేడా రెండున్నర గ్రాములు కూడా లేదు, 2024లో ఇరవై రెండు గ్రాములు.

"అది మొగ్గు కాదురా, కొసరు" అంది.