అప్‌డేట్: తాత ఇంటి జాగాలో దొరికినవి

దేవరకొండ వైపు కూలిపోయిన మా తాత పెంకుటింటి జాగాలో మెటల్ డిటెక్టర్ పెడితే అడుగడుక్కీ బీప్ వస్తోంది, ఏం చేయాలని అడిగాను కదా. ఇనుము సిగ్నల్ వదిలేసి అరుగు, గడప దగ్గర నెమ్మదిగా చూడమన్న సలహా బాగా పనిచేసింది. పశువుల కొట్టం వైపు మాత్రం డిటెక్టర్ సెన్సిటివిటీ ఎంత తగ్గించినా ఎద్దుల నాడాలు, మేకులే తట్టెడు వచ్చాయి.

అరుగు కింద జానెడు లోతులో ఒక చిల్లు కాణీ, దాని పక్కనే నిజాం వెండి రూపాయి! చార్మినార్ గుమ్మంలో సన్నగా ఉర్దూ 'ఐన్' అక్షరం ఉంది, అంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంది. 'మీమ్' ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌ది అయ్యేది. చింతపండుతో తోమమని అత్తమ్మ ఒకటే పోరు. తోమితే సేకరించేవాళ్లు దాని మొహం కూడా చూడరు, నీళ్లతో కడిగి ఆపేశాను.

ఈలోపు ఊళ్లో లంకెబిందెలు దొరికాయని పుకారు. టెన్షన్ ఎందుకని కలెక్టర్‌కు రాసిచ్చేశాం. 1878 నాటి నిధుల చట్టంలో పది రూపాయలు మించిన విలువ చేసే దొరుకుడుకే కబురు చేయాలని ఉంది. పాటిగడ్డ (పాత ఊరి దిబ్బ) మీద కూడా చూద్దామని తమ్ముడు అంటున్నాడు. అది మన జాగా కాదు, కుదరదన్నాను.